గృహహింస నుంచి కుటుంబాన్ని కాపాడాలంటే శాఖలన్నీ ఎలా కలిసి పనిచేయాలి: సమగ్ర మార్గదర్శి

గృహహింసలో ప్రాణం పోయిన కేసులను తర్వాత తిరగేస్తే తరచూ బయటపడే సంగతి ఒకటుంది. ప్రమాదం గురించి తలా కొంచెం తెలుసు. ఆ ఇంటి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చిందని పోలీసులకు తెలుసు. చెయ్యి విరిగి వచ్చిన మనిషి మెట్ల మీద పడ్డానని చెప్పినప్పుడు డాక్టర్‌కు అనుమానం వచ్చింది. పిల్లాడు క్లాసులో నిద్రపోతున్నాడని టీచర్ గమనించింది. ఆమె విడాకుల గురించి అడిగి వెళ్లిందని లాయర్‌కు తెలుసు. ఈ నాలుగూ ఒక్క చోట చేరి ఉంటే ఎవరికైనా గుండె దడ పుట్టేది. కానీ చేరలేదు.

ఈ ముక్కలను సమయానికి ఒక్క చోటికి తెచ్చి, వెంటనే ఏదో ఒకటి చేయడమే సమన్వయం. పోలీసులు, ఆసుపత్రి సిబ్బంది, పిల్లల సంరక్షణ అధికారులు, మహిళా సంస్థలు, న్యాయ సహాయం చేసేవారు, టీచర్లు, వీళ్లలో ఎవరైనా తమ ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టాలనుకుంటే ఎక్కడి నుంచి ఎలా వెళ్లాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. బాధితుల్లో ఎక్కువమంది మహిళలు కాబట్టి 'ఆమె' అని రాస్తున్నాను. పురుషులు, వృద్ధులు, వికలాంగులు కూడా ఇళ్లలో హింసకు గురవుతారు. పద్ధతి వాళ్లకూ ఇదే.

మొదటి అడుగు: ఎవరెవరు కూర్చోవాలో తేల్చుకోవడం

1980ల మొదట్లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ అనే నగరంలో ఎలెన్ పెన్స్, మైఖేల్ పేమార్, వాళ్ల సహచరులు ఒక ప్రయత్నం చేశారు. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, కోర్టులు, మహిళల ఆశ్రయ గృహాలు అన్నీ ఒకే రీతిలో స్పందించేలా రాతపూర్వక నియమాలు పెట్టుకున్నారు. మంచి అధికారి డ్యూటీలో ఉంటే ఒకలా, లేకపోతే మరోలా జరగకూడదన్నది వాళ్ల పట్టుదల. తర్వాత ఎన్నో దేశాల్లో వచ్చిన ఉమ్మడి విధానాలకు ఇదే మూలం. అందులో నేర్చుకోవలసింది ఏమిటంటే, మంచి మనసున్న ఇద్దరు ముగ్గురి స్నేహం మీద నడిచే సమన్వయం వాళ్లు బదిలీ అయిన రోజే ఆగిపోతుంది. పద్ధతి కాగితం మీద ఉండాలి.

బృందంలో పోలీసులు, ఆసుపత్రి, పిల్లల సంరక్షణ విభాగం, ఆశ్రయ గృహం లేదా ఇళ్ల వసతి చూసే శాఖ, న్యాయ సహాయ సంస్థ, శిక్ష పడినవారిని పర్యవేక్షించే అధికారులు, పాఠశాలలు, మానసిక ఆరోగ్య, వ్యసన విముక్తి కేంద్రాలు ఉండాలి. వచ్చే ప్రతినిధికి అక్కడికక్కడే మాట ఇచ్చే అధికారం కూడా ఉండాలి. 'పై అధికారిని అడిగి చెబుతాను' అనే మనిషిని పంపితే ఆ శాఖ వచ్చినా రానట్టే.

అన్నిటికంటే ముఖ్యమైన కుర్చీ ఆమె తరఫున నిలబడే కార్యకర్తది. ఏ ప్రభుత్వ శాఖకూ జవాబుదారీ కాకుండా, కేవలం ఆమె భద్రత కోసమే పనిచేసే శిక్షణ పొందిన వ్యక్తి. ఈ కుర్చీ ఖాళీగా ఉంటే మిగతావాళ్లు ఎంత సమర్థులైనా చర్చ తమ శాఖల ఇబ్బందుల చుట్టూనే తిరుగుతుంది. నిధులు తక్కువగా ఉంటే మొదటి జీతం ఈ మనిషికే ఇవ్వమని నేను గట్టిగా చెబుతాను.

రెండో అడుగు: ఏ తలుపు తట్టినా లోపలికి దారి ఉండేలా చేయడం

ఆమె ముందుగా ఎవరి దగ్గరికి వెళుతుందో మనం నిర్ణయించలేం. గర్భిణుల పరీక్షకు వచ్చి నర్సుతో చెప్పొచ్చు, స్కూల్లో టీచర్ దగ్గర కన్నీళ్లు పెట్టుకోవచ్చు. కాబట్టి అన్ని శాఖల సిబ్బందికీ మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో తెలిసి ఉండాలి.

ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. భర్త, అత్తమామలు, మాటలొచ్చిన పిల్లలు పక్కన ఉండగా అడగకూడదు. భాష రాకపోతే బంధువులతో అనువాదం చేయించకూడదు. 'ఇంట్లో మీకు ఎవరి వల్లనైనా భయంగా ఉందా? ఎవరైనా కొడుతున్నారా, బెదిరిస్తున్నారా?' అని సూటిగా, నెమ్మదిగా అడిగితే చాలు. 'ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారు?' అన్న ప్రశ్న మాత్రం నోటి నుంచి రాకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె మళ్లీ నోరు విప్పకపోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య సిబ్బందికి ఐదు పనులు చెబుతుంది: వినడం, ఆమెకు ఏం కావాలో అడగడం, నమ్ముతున్నామని తెలియజేయడం, భద్రత పెంచడం, తోడ్పాటు అందించడం. డాక్టర్లే కాదు, ఎవరైనా చేయగల పనులే ఇవి.

రాసుకునేటప్పుడు ఆమె మాటలను ఆమె మాటల్లోనే రాయాలి. 'భార్యాభర్తల మధ్య గొడవ' అని రాస్తే రేపు కోర్టులో అది ఆమెకే అడ్డొస్తుంది. ఎవరు ఎవరిని ఏం చేశారో స్పష్టంగా ఉండాలి.

ఆ తర్వాత వచ్చేది రిఫర్ చేయడం, అంటే సాయం చేయగల మరో శాఖకు ఆమెను పంపడం. చాలాచోట్ల పని దెబ్బతినేది ఇక్కడే. చేతికి ఒక ఫోన్ నంబర్ ఇచ్చి పంపించి, రిఫర్ చేశామని రికార్డులో రాసుకుంటారు. ఆ కాగితం ఇంట్లో దొరికితే ఆమెకు మరింత ముప్పు. అమెరికాలోని మేరీల్యాండ్‌లో 2005లో మొదలైన పద్ధతి చూడండి. ఘటనా స్థలానికి వెళ్లిన పోలీసు అధికారి 11 ప్రశ్నలు అడుగుతాడు. ప్రమాదం ఎక్కువగా కనిపిస్తే అక్కడి నుంచే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, మాట్లాడతారా అని ఆమెను అడుగుతాడు. ఫోన్ చేసే భారం ఆమె మీద పడదు. మన దగ్గరికి వచ్చిన మనిషిని తర్వాతి మనిషి చేతికి అందించేదాకా బాధ్యత మనదే.

2002లో అమెరికాలోని శాన్ డియాగోలో పోలీసు, న్యాయవాది, వైద్యం, కౌన్సెలింగ్ అన్నీ ఒకే భవనంలో దొరికేలా ఒక కేంద్రం తెరిచారు. అలాంటి కేంద్రం ఉంటే ఆమె తిరగాల్సిన చోట్లు తగ్గుతాయి. అయితే ఒకే కప్పు కింద కూర్చున్న శాఖలు కూడా మాట్లాడుకోకుండా ఉండగలవు. భవనం కట్టేశాం కాబట్టి సమన్వయం వచ్చేసింది అనుకోవద్దు.

మూడో అడుగు: ప్రమాదం ఎంతుందో ఒకే కొలతతో చూడటం

ఒక శాఖకు 'మామూలు గొడవ' అనిపించింది ఇంకో శాఖకు ప్రాణాపాయంగా కనిపిస్తే పని ముందుకు సాగదు. అందుకే అందరూ ఒకే ప్రశ్నావళి వాడాలి.

ఈ రంగంలో నర్సింగ్ పరిశోధకురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ చేసిన పని చాలా విలువైనది. 1980ల నుంచి ఆమె రూపొందించి మెరుగుపరుస్తూ వచ్చిన 'డేంజర్ అసెస్‌మెంట్' అనే ప్రశ్నావళిలో ఇప్పుడు 20 ప్రశ్నలున్నాయి. బ్రిటన్‌లో ఎక్కువగా వాడే పత్రంలో 24 ప్రశ్నలుంటాయి. అక్కడ సాధారణంగా 14 లేదా అంతకంటే ఎక్కువ ప్రశ్నలకు 'అవును' అని వస్తే తీవ్ర ప్రమాదంగా చూస్తారు. కానీ ఈ అంకెను గుడ్డిగా పట్టుకోకూడదు. ఆరే 'అవును'లు వచ్చినా మీ అనుభవం 'ఇది ప్రమాదం' అని చెబితే కేసును పైకి పంపండి. ఆమె భయంతో అన్నీ చెప్పకపోయి ఉండొచ్చు.

ఏయే సూచనలకు ఎక్కువ బరువివ్వాలి? చంపుతానని బెదిరించడం, ఇంట్లో తుపాకీ లేదా ఆయుధం ఉండటం, వెంటపడి కనిపెట్టడం, డబ్బు, ఫోన్, రాకపోకలు అన్నీ అదుపులో పెట్టుకోవడం, గర్భంతో ఉండగా కొట్టడం, దెబ్బలు రానురాను పెరగడం, అతను ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించడం. వీటితో పాటు ఆమె ఇటీవల విడిపోయిందా, విడిపోవాలని చూస్తోందా అన్నది తప్పక అడగాలి. 'వెళ్లిపోతే సరిపోతుంది కదా' అని బయటివాళ్లు అనుకునే ఆ సమయంలోనే ప్రమాదం బాగా పెరుగుతుంది.

గొంతు నులమడం గురించి విడిగా చెప్పాలి. గతంలో భాగస్వామి గొంతు నులిమిన మహిళలు ఆ తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని 2008లో వచ్చిన అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది. అయినా ఫిర్యాదుల్లో ఇది కనిపించకుండా పోతుంది. బయటికి గాయం ఉండకపోవచ్చు, ఆమె కూడా 'మెడ పట్టుకున్నాడు' అని తేలిగ్గా చెప్పొచ్చు. అందుకే పోలీసులు, వైద్యులు ఇద్దరూ విడిగా అడగాలి: మెడ మీద చెయ్యి వేశాడా, ఊపిరి ఆడలేదా, కళ్లు తిరిగాయా, స్పృహ తప్పిందా, తెలియకుండా మూత్రం పోయిందా? గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు గమనించాలి. మెడలోని రక్తనాళం లోపల చిరిగితే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. ఆమె మామూలుగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి పంపాలి. పోలీసు రిపోర్టులో 'గాయాలు లేవు' అని రాసి వదిలేయడం ప్రాణాంతకమైన నిర్లక్ష్యం.

ఆమె అంచనానూ అడగండి. 'నన్ను చంపేస్తాడు' అని ఆమె అంటే నమ్మండి. 'అంత పని చేయడులెండి' అంటే మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. క్యాంప్‌బెల్ బృందం పరిశీలించిన హత్యల్లో దాదాపు సగంమంది మహిళలు తమకున్న ముప్పు అంతటిదని గుర్తించలేదు.

ప్రమాదం రోజురోజుకూ మారుతుంది. స్పెయిన్‌లో 2007 నుంచి పోలీసులు వాడుతున్న వియోజెన్ వ్యవస్థలో ప్రతి కేసునూ దాని తీవ్రతను బట్టి నిర్ణీత గడువుల్లో మళ్లీ అంచనా వేస్తారు. మీ దగ్గర కంప్యూటర్ వ్యవస్థ లేకపోయినా ఫర్వాలేదు. విడాకుల నోటీసు అందిన రోజు, బెయిల్ వచ్చిన రోజు, పిల్లల విషయంలో తీర్పు వచ్చిన రోజు మళ్లీ ప్రశ్నలు వేయాలన్న నియమం పెట్టుకోండి.

నాలుగో అడుగు: ఏ సమాచారం ఎవరికి చెప్పాలో ముందే రాసుకోవడం

గోప్యత పేరుతో ఏమీ చెప్పకపోవడం ఒక ప్రమాదం. అందరికీ అన్నీ చెప్పేయడం అంతకంటే పెద్ద ప్రమాదం. మొదటి నియమం ఆమె అనుమతి. ఏం చెబుతాం, ఎవరికి, ఎందుకు అని వివరించి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఆమె ఒప్పుకోకపోయినా, ప్రాణానికి తీవ్రమైన ముప్పు ఉంటేనో పిల్లలకు హాని జరిగే పరిస్థితి ఉంటేనో చట్టం అనుమతించిన మేరకు చెప్పాల్సి రావచ్చు. అలా చెప్పినప్పుడు కారణం రాసి పెట్టాలి. వీలైతే ఆ సంగతి ఆమెకూ తెలియజేయాలి, లేకపోతే ఆమెకు మన మీద నమ్మకం పోతుంది.

అవసరమైనంతే చెప్పడం రెండో నియమం. ఆమె పాత మానసిక చికిత్స వివరాలు పోలీసులకు అక్కర్లేదు, అతని దగ్గర ఆయుధం ఉందన్న సంగతి కావాలి. ఆమె ప్రస్తుత చిరునామా అయితే సమావేశంలో ఏం జరిగిందో రాసుకునే మినిట్స్‌లో కూడా ఉండకూడదు.

ఇక చాలామంది మరచిపోయే జాగ్రత్త ఒకటుంది. కేసు చర్చకు రాకముందే ప్రతి శాఖా తన సిబ్బందిలో నిందితుడి బంధువులు, స్నేహితులు ఉన్నారేమో చూసుకోవాలి. అతను పోలీసు శాఖలోనో ఆసుపత్రిలోనో పనిచేస్తుంటే ఆ ఫైలు ఎవరెవరు తెరవగలరో ముందే కట్టడి చేయాలి. ఊరు చిన్నదైనకొద్దీ ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఐదో అడుగు: సమావేశం నడపడం

2003లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో, అత్యంత ప్రమాదంలో ఉన్నవారి కోసం శాఖలన్నీ ఒకే బల్ల దగ్గర కూర్చునే సమావేశం మొదలైంది. తర్వాత బ్రిటన్ అంతటా విస్తరించింది. అది పనిచేసే తీరు సులువుగా అర్థమవుతుంది.

సమావేశానికి ఆమె రాదు, అతనికి దాని సంగతి తెలియనివ్వరు. ఆమె తరఫు కార్యకర్త ముందే మాట్లాడి, ఆమెకు దేని గురించి భయం, ఏం కావాలి, ఏది వద్దు అన్నది తీసుకొస్తారు. ప్రతి శాఖా తన దగ్గరున్న, ప్రమాదానికి సంబంధించిన సంగతులు మాత్రం చెబుతుంది. ఒక్కో కేసుకు పది, పదిహేను నిమిషాలే. ఎక్కువ సమయం పనుల మీద పెట్టాలి.

పని అంటే ఎలా ఉండాలో చూడండి. 'పోలీసులు గమనిస్తూ ఉంటారు' అన్నది పని కాదు. 'ఈ చిరునామా నుంచి ఫోన్ వస్తే వెంటనే వెళ్లాలని కంట్రోల్ రూమ్ రికార్డులో ఈ సాయంత్రంలోగా ఫలానా అధికారి గుర్తు పెడతారు' అన్నది పని. 'ఇంటి తాళాలు గురువారం లోపు మార్పిస్తాను', 'వచ్చే అపాయింట్‌మెంట్‌లో నర్సు ఆమెను ఒంటరిగా గదిలోకి పిలుస్తుంది, అక్కడ కార్యకర్త కలుస్తారు' ఇలా మనిషి పేరు, గడువు ఉండాలి. తర్వాతి సమావేశం మొదలయ్యేది ఈ జాబితాతోనే. కాని పని ఎందుకు కాలేదో అందరి ముందూ చెప్పాలి.

చర్చించిన తర్వాత 12 నెలల్లో మళ్లీ హింస జరిగితే కేసు తిరిగి బల్ల మీదికి రావాలి. ఇక అత్యవసరమైతే సమావేశం తేదీ కోసం ఆగే ప్రసక్తే లేదు. ఫోన్ మీదే నలుగురూ కలిసి ఆ పూటే నిర్ణయం తీసుకోవాలి.

ఆరో అడుగు: ఆమెతో కలిసి భద్రతా ప్రణాళిక

ప్రణాళిక ఆమెతో కలిసి తయారుచేయాలి. ఇన్నాళ్లు ప్రాణాలతో ఉండటానికి ఆమె ఇప్పటికే ఎన్నో జాగ్రత్తలు తీసుకుంటూ వచ్చింది, వాటినే ముందు అడిగి తెలుసుకోండి. ఏ గదిలో గొడవ మొదలైతే ఎటు బయటపడొచ్చు, పొరుగువాళ్లకు ఏ మాట చెబితే పోలీసులకు ఫోన్ చేస్తారు, గుర్తింపు పత్రాలు, మందులు, పిల్లల సర్టిఫికెట్లు ఎవరి దగ్గర దాచాలి అన్నవి అందులో ఉంటాయి.

ఫోన్ మీద అతని నిఘా ఉందేమో చూడాలి. అనుమానం రాగానే యాప్‌లు తీసేయడం, పాస్‌వర్డ్‌లు మార్చడం చేస్తే అతనికి వెంటనే తెలిసిపోయి కోపం పెరగొచ్చు. పైగా సాక్ష్యం కూడా పోతుంది. ముందు వేరే సురక్షితమైన ఫోన్ ఏర్పాటు చేసి, తర్వాత పాత ఫోన్ సంగతి చూడాలి.

ఇల్లు వదలాల్సింది ఎప్పుడూ ఆమేనా? ఆస్ట్రియాలో 1997లో అమల్లోకి వచ్చిన చట్టంతో, హింసకు పాల్పడిన వ్యక్తిని ఆ ఇంటి నుంచి పోలీసులే బయటికి పంపగలుగుతున్నారు. ఆ సమాచారం సహాయ కేంద్రానికి అందుతుంది, కేంద్రం వాళ్లే ఆమెకు ఫోన్ చేస్తారు. పిల్లల చదువు, ఆమె ఉద్యోగం చెదరకుండా ఉంటాయి. మీ చట్టంలో నివాస హక్కు, రక్షణ ఉత్తర్వుల లాంటివి ఏవి ఉన్నాయో బృందంలోని లాయర్ మిగతా అందరికీ వివరంగా చెప్పాలి.

రక్షణ ఉత్తర్వు వస్తే దాని నకలు పోలీస్ స్టేషన్‌లో, పిల్లల స్కూల్లో, ఆమె పనిచేసే చోట ఉండాలి. అతను జైలు నుంచి విడుదలయ్యే సంగతి విడుదలకు ముందే ఆమెకు చేరాలి. ఆ ఫోన్ ఎవరు చేయాలో పేరుతో సహా రాసి ఉండాలి. ఈ ఒక్క ఫోన్ ఎవరి పనీ కాకపోవడం వల్ల జరిగే అనర్థం చిన్నది కాదు.

ఏడో అడుగు: పిల్లలు

పక్క గదిలో ఉన్న పిల్లలకు అన్నీ వినిపిస్తాయి. 2011లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో 'ఆపరేషన్ ఎన్‌కంపస్' అనే ఏర్పాటు మొదలైంది. రాత్రి ఇంట్లో హింస జరిగి పోలీసులు వెళితే, మర్నాడు బడి మొదలయ్యేలోపు స్కూల్లో శిక్షణ పొందిన ఒక వ్యక్తికి కబురు అందుతుంది. హోంవర్క్ చేయలేదని ఆ పిల్లను ఆ రోజు ఎవరూ నిలబెట్టరు. ఖర్చు దాదాపు లేని ఈ పని ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు.

'పిల్లలను కాపాడలేకపోయావు' అని తల్లిని నిందించే అలవాటును పిల్లల సంరక్షణ విభాగం వదులుకోవాలి. ఫిర్యాదు చేస్తే పిల్లలను తీసుకుపోతారన్న భయం ఉన్న తల్లి ఎవరికీ ఏమీ చెప్పదు. ప్రమాదం తెస్తున్న మనిషి ఎవరో ఫైల్లో అతని పేరుతోనే రాయాలి. పిల్లలను తండ్రికి అప్పగించే సమయాలు కూడా దాడులకు అవకాశమిస్తాయి. అందుకు మూడో మనిషి సమక్షంలో, సురక్షితమైన చోటు చూడాలి.

ఎనిమిదో అడుగు: హింస చేసేవాడిని వదిలేయకపోవడం

అందరూ ఆమె చుట్టూ ప్రణాళికలు వేస్తూ అతని సంగతి మరచిపోతారు. అతను ఎక్కడున్నాడు, ఉత్తర్వులు పాటిస్తున్నాడా, ఆయుధాలు అప్పగించాడా, కోర్టు వాయిదాలకు వస్తున్నాడా అన్నది చూసే శాఖ ఒకటి ఉండాలి.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడం హింస ఉన్న ఇంట్లో సరైన మార్గం కాదు. అతని పక్కన కూర్చుని ఆమె నిజం చెప్పలేదు, చెబితే ఇంటికెళ్లాక దానికి శిక్ష పడుతుంది. కోపం తగ్గించే క్లాసులు కూడా సరిపోవు. ఆఫీసులో పై అధికారి మీద చెయ్యెత్తనివాడు ఇంట్లో కొడుతున్నాడంటే అది అదుపులేని కోపం కాదు, అధికారం చలాయించడం. అతన్ని మార్చే కార్యక్రమంలో చేర్చినా, అతను మానేస్తేనో బెదిరింపులు మాట్లాడితేనో ఆ కబురు వెంటనే ఆమె కార్యకర్తకు చేరాలి.

తొమ్మిదో అడుగు: తప్పులు వెతికి దిద్దుకోవడం

ఇంగ్లండ్, వేల్స్‌లో 2011 నుంచి గృహహింస హత్యల మీద శాఖలన్నీ కలిసి సమీక్ష జరపడం చట్టపరమైన బాధ్యత. ఎవరినో బలి చేయడం దాని ఉద్దేశం కాదు, ఏ సమాచారం ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం. ప్రాణం పోయేదాకా ఆగక్కర్లేదు. కొద్దిలో ప్రాణాపాయం తప్పిన కేసును ఏడాదికి రెండు మూడైనా ఇలా విప్పి చూడండి.

సమావేశాలు ఎన్ని జరిగాయన్న లెక్క పెద్దగా ఏమీ చెప్పదు. రిఫర్ చేసిన తర్వాత ఆమెకు మొదటి ఫోన్ ఎన్ని గంటల్లో వెళ్లింది? ఒప్పుకున్న పనుల్లో గడువులోపు ఎన్ని పూర్తయ్యాయి? ఆమె తన కథను ఎన్నిసార్లు మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది? వీటిని లెక్కపెట్టండి. రోజూ ఇవే వింటూ పనిచేసే సిబ్బంది కుంగిపోతారు కాబట్టి వాళ్లకూ కౌన్సెలింగ్, సెలవు, పని పంచుకునే ఏర్పాటు ఉండాలి.

ఈ వ్యవస్థ సాయంతో హింస నుంచి బయటపడి ఇప్పుడు క్షేమంగా ఉన్న మహిళలను, వాళ్లు ఇష్టపడితే, మూడు నెలలకోసారైనా పిలిచి అడగండి. వాళ్ల సమయానికి డబ్బు చెల్లించండి. కోర్టు వరండాలో అతను ఎదురుగా కూర్చోవడం వల్ల సాక్ష్యం చెప్పలేకపోయానని ఒకరు చెప్పొచ్చు, ఆశ్రయ గృహంలో పెద్ద కొడుకును చేర్చుకోరని తెలిసి ఇల్లు వదల్లేకపోయానని మరొకరు చెప్పొచ్చు. చెప్పిన ప్రతి విషయానికీ ఎవరు ఏం చేయాలో ఆ సమావేశంలోనే పేరు, గడువు రాసి, అది అయ్యాక, ఆ విషయం చెప్పిన మహిళకే పని అయిందని తిరిగి తెలియజేయండి.